ఆమెన్ పడని ప్రార్థన

ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు తీసి పక్కన పెట్టడం మా క్రైస్తవుల ఇళ్లలో ఆడవాళ్లకు ఉన్న పాత అలవాటు. పొయ్యి పక్కన ఒక చిన్న కుండ ఉంటుంది. వండిన ప్రతిసారీ దాంట్లో పిడికెడు పడుతుంది. ఆదివారం నాడు ఆ కుండ గుడికి పోతుంది. చర్చిని మేము గుడి అనే అనేవాళ్లం. ఆ బియ్యంతో పాస్టరు అయ్యగారి ఇల్లు గడిచేది, ఊళ్లో దిక్కులేనివాళ్లకు ఒక పూట తిండి దొరికేది. ఎంత లేనివాళ్లయినా దేవుడి దగ్గరికి ఉత్త చేతులతో పోకుండా ఆ కుండ కాపాడేది. నేను ఇప్పటికీ తీస్తాను. తీసినప్పుడల్లా నా పిడికిలి వంక చూసుకుని సిగ్గుపడతాను. ఎందుకో చెప్పాలంటే యుద్ధం రోజులకు పోవాలి.

అప్పుడు నేను మేడ్చల్‌లో మిషన్ బడి పంతులమ్మను. మా ఆయన రైలు స్టేషన్ పక్కన సర్కారు గోదాంలో గుమస్తా. యుద్ధం ఎక్కడో సముద్రాల అవతల జరుగుతున్నా దాని కడుపు మాత్రం మా కల్లాల్లో నిండేది. పట్నానికని, సైన్యం పల్టన్లకని సర్కారు రైతుల దగ్గర వడ్లు కొలుచుకుని పోయేది. దాన్ని లెవీ అనేవాళ్లు. ఇంత భూమికి ఇన్ని వడ్లు అని వాళ్లే చెప్పేవాళ్లు, ధర కూడా వాళ్లు చెప్పిందే. శామీర్‌పేట, అలియాబాద్ వైపు నుంచి వడ్ల బండ్లు వరసగా మేడ్చల్ వచ్చి మా ఆయన గోదాంలో దించి ఖాళీగా వెనక్కి పోయేవి. ఆ వడ్లు రైలెక్కి ఎటు పోయేవో మాకెవరికీ తెలియదు.

గోదాంలో పనిచేసేవాళ్లకు మాత్రం బియ్యానికి కొదవ ఉండేది కాదు, జీతంతో పాటే ఇచ్చేవాళ్లు. మా వాడలో మిగతా ఇళ్లలో జొన్న గటక, అదీ లేనినాడు అంబలి. అందుకే నేను గంజి వార్చేటప్పుడు కిటికీ మూసేదాన్ని. అన్నం వాసన బయటికి పోకూడదని. దొంగసొమ్మేం కాదు, మా ఆయన కష్టార్జితమే. అయినా మూసేదాన్ని. "పొగ పోతలేదు, కిటికీ తెరువు" అని ఆయన దగ్గుకుంటూ కేకేస్తే వినపడనట్టు ఉండేదాన్ని.

అంత సిగ్గు ఉన్నదాన్ని సర్కారు మీద ఒక్క మాట అన్నానా అంటే, లేదు. పైగా బడిలో పొద్దున ప్రార్థనలో పిల్లల చేత మన సైన్యం గెలవాలని, మా రాజ్యం ఏలే ప్రభువులు చల్లగా ఉండాలని చెప్పించేదాన్ని. ఒకనాడు ఒక పిల్ల లేచి, మా ఇంట్లో వడ్లన్నీ తీసుకుపోయారు పంతులమ్మా అన్నది. యుద్ధం నడుస్తుంటే అట్లాంటి మాటలు మాట్లాడకూడదు, కూర్చో అన్నాను. భయపడి అనలేదు. నిజంగానే నమ్మి అన్నాను. ఇల్లు అంటుకున్నప్పుడు కూరలో ఉప్పు చాల్లేదని పోట్లాడతామా అనేది నా వాదన. నాకు ఆ మాట చాలా నచ్చేది, నలుగురిలో తరచూ వాడేదాన్ని.

నన్ను పెంచింది మా పెద్దమ్మ, అమ్మకు అక్క. అమ్మ నా చిన్నతనంలోనే పోయింది. పెద్దమ్మకు పిల్లలు లేరు, పెనిమిటీ లేడు. అలియాబాద్‌లో ఒక గుడిసె, శామీర్‌పేట చెరువు కింద కొంచెం తరి భూమి, అంతే ఆమె ఆస్తి. ఆ మళ్లల్లో వంగి నాటేసి, కలుపు తీసి నన్ను మిషన్ బోర్డింగులో చదివించింది. నేను పంతులమ్మనైన రోజు వాడంతా తిరిగి చెప్పుకుంది. "మా బిడ్డ నోరు తెరిస్తే నలుగురు వింటరు" అని మురిసిపోయేది. ఆ మాట తలుచుకుంటే నాకిప్పుడు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు.

ఆ ఏడు వానకాలం పంట కోసిన తర్వాత లెవీ వాళ్లు ఆమె కల్లానికి వచ్చారు. కల్లంలో ఉన్నవి చాలలేదు. ఇంట్లోకి వచ్చి మూలన మూతికి పేడ అలికి పెట్టుకున్న విత్తనాల కుండ పగలగొట్టి ఆ వడ్లు కూడా బండికెత్తారు. ఊరి పటేలు ఇంట్లో వడ్ల గుమ్ములు నిండుగానే ఉన్నాయి, వాటి జోలికి ఎవరూ పోలేదు. ఆ పటేలుకు ఆమె భూమి మీద చాలాకాలంగా కన్ను. యాసంగికి, అంటే రెండో పంటకు, నారు పోయకపోతే మళ్లు బీడు పడతాయి. బీడు పడితే ముసలిదానికి చేతకావడం లేదని చెప్పి వేరేవాళ్ల పేరు మీదికి ఎక్కిస్తాడు. అంటే ఆ కుండతో పాటు భూమి కూడా పోయేటట్టే.

లెవీ బండి మీదే, తన వడ్ల బస్తాల మీదే కూర్చుని ఆమె మేడ్చల్ వచ్చింది. కాళ్లు కడుక్కుని నేరుగా మా ఆయన ముందు కూర్చుంది.

"అల్లుడా, నా ఇత్తనపు వడ్లు నీ గోదాంలనే దిగినయి. తినే వడ్లు నేనడుగుత లేను. ఇత్తనాలు ఇయ్యి, సాలు. నారు పొయ్యాలె."

"అత్తమ్మా, గోదాంల పడ్డ గింజ సర్కారుది. పిడికెడు తీసినా నన్ను జైల్ల ఏస్తరు."

"అట్లైతే సర్కారుకు జెప్పు. పటేలు గుమ్ములు ముట్టకుండ ముసలిదాని కుండ పలగ్గొట్టిండ్రు, గిది తప్పు అని జెప్పు. సదువుకున్నోనివి, నీ మాట ఇనరా?"

మా ఆయన నా వంక చూశాడు, సాయం రమ్మన్నట్టు. తర్వాత గొంతు తగ్గించి అన్నాడు. "యుద్ధం నడుస్తాంది అత్తమ్మా. గీ టైంల సర్కారును తప్పు వట్టినోన్ని దుష్మన్ల మనిషి అంటరు. యుద్ధం ఒడువనీ. అప్పుడు అందరం కలిసి పొయ్యి అడుగుదాం."

"యుద్ధం ఒడిసేదాంక నారుమడి ఆగుతదా బిడ్డా?"

అప్పుడు నేను కల్పించుకుని నా ఇల్లు అంటుకున్న సామెత వదిలాను. పెద్దమ్మ శ్రద్ధగా వింది. నేను చెప్పేది ఏదైనా ఆమె శ్రద్ధగానే వినేది. విని అన్నది, "నిజమే బిడ్డా. ఇల్లంటుకుంటే అందరు కడవలు దేవాలె. నేను తెచ్చిన. పటేలు కడవ అటక మీదికెల్లి దిగలే. గది జెప్తె ఇల్లు కాలవెట్టినట్టా?"

నేను లేచి అన్నం వడ్డించాను. గోదాం బియ్యం అన్నం. ఆమె రెండు చేతులతో గిన్నె పట్టుకుని, "మస్తు తెల్లగున్నది" అని తృప్తిగా తింది. ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. ఉంటే నాకు బాగుండేది, ఎదురుచెప్పి కోపం తీర్చుకునేదాన్ని.

రొట్టె, ద్రాక్షరసం ఇచ్చే సంస్కారపు విందు ఉండే ఆదివారాలకు మేమిద్దరం అలియాబాద్ గుడికే పోయేవాళ్లం. శనివారం వడ్లు దించి తిరిగిపోయే బండ్లలో ఏదో ఒకటి ఎక్కేవాళ్లం. బండి చెక్కల సందుల్లో వడ్ల గింజలు ఇరుక్కుని చీరకు గుచ్చుకునేవి. దిగి దులుపుకుంటే కాళ్ల దగ్గర నాలుగు గింజలు రాలేవి. ఊరంతా కలిసి పంపిన బండి మీదే ఊరికి పోతున్నామన్న ఆలోచన నాకు రాకపోలేదు.

మా గుడిలో అయ్యగారి ప్రార్థన తర్వాత పెద్దలు, ఆడవాళ్లు ఒక్కొక్కరే లేచి పైకి ప్రార్థన చేసే పద్ధతి ఉంది. రోగముంటే రోగం, కరువుంటే కరువు, మనసులో ఏది ఉంటే అది. చేసినవాళ్లు ఆపగానే అందరూ కలిసి ఆమెన్ అంటారు. అది పడితేనే ఆ ప్రార్థన అందరిదీ అవుతుంది. ఆమెన్ పడని ప్రార్థన గుడి కప్పు దాటదని మా ముసలవ్వలు అనేవాళ్లు.

పెద్దమ్మ మా ఇంటికి వచ్చిపోయిన తర్వాత వచ్చిన అలాంటి ఆదివారం అయ్యగారు ఎప్పటిలాగే ప్రభువుల కోసం, అధికారుల కోసం, యుద్ధంలో గెలుపు కోసం ప్రార్థన చేశారు. ఆమెన్ గట్టిగానే పడింది, నాది కూడా. తర్వాత నా పక్కన కూర్చున్న పెద్దమ్మ మోకాలి మీద చెయ్యి ఆనించి లేచింది.

"తండ్రీ, అయ్యగారు సర్కారు కోసం అడిగిండు. నేను గూడ అడుగుతున్న. యుద్ధం గెల్వాలె. మన పిలగాండ్లు పల్టన్ల ఉన్నరు, ఆళ్లు సల్లగ ఇండ్లకు రావాలె. గని సర్కారు జేసింది తప్పు తండ్రీ. పటేలు గుమ్ములు ముట్టలే, నా ఇత్తనాల కుండ పలగ్గొట్టిండ్రు. నువ్వు సూసినవ్. తప్పని ఆళ్లకు జెప్పెటోల్లు మా తాన ఒక్కలు లేరు. అందుకే నీకు జెప్తున్న. ఆళ్లకు మంచి బుద్ధి ఇయ్యి. నా ఇత్తనాలు నాకు ఇప్పియ్యి. ఏసయ్య పేరు మీద అడుగుతున్న."

ఆపింది. ఎవరూ ఆమెన్ అనలేదు.

మొదట అందరూ ఊపిరి తీసుకుంటున్నారేమో అనుకున్నాను. తర్వాత అర్థమైంది. తలలు వంచుకున్న జనం కళ్లు మాత్రం మగవాళ్ల వైపు వెనక గోడకు ఆనుకుని కూర్చున్న మా ఆయన మీద ఉన్నాయి. ఆ గుడిలో సర్కారు మనిషి ఆయనొక్కడే. కోటు వేసుకుని వచ్చేవాడు కూడా. ఆయన తర్వాత చూపులు నా మీదికి వచ్చాయి. నేను అంటే వాళ్లంతా అనేవాళ్లు. ఇది తర్వాత ఊహించుకున్నది కాదు, ఆ క్షణంలోనే నాకు తెలుసు. నోట్లో మాట సిద్ధంగా ఉంది. అది చిన్న మాట, పసిపిల్లలు కూడా అంటారు. మా ఆయన ఉద్యోగం, ఇంట్లో బియ్యం, బడిలో నా పేరు, అన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి. నేను నేల చూశాను.

పెద్దమ్మ చేతులు జోడించుకుని నిలబడే ఉంది. ఆమెన్ పడకుండా ఎట్లా కూర్చోవాలో ఆమెకు తెలియదు, అలవాటు లేదు. చివరికి అయ్యగారు గొంతు సవరించుకుని పాట ఎత్తుకున్నారు. అందరూ హమ్మయ్య అన్నట్టు గట్టిగా అందుకున్నారు. ఆమె అప్పుడు కూర్చుంది. కూర్చుని ఆమె కూడా పాడింది.

నిజం చెప్తున్నాను, ఆ రోజంతా నాకు ఆమె మీద కోపమే వచ్చింది. గుడిలో, అందరి ముందు, మమ్మల్ని అట్లా ఇరకాటంలో పెట్టాలా అని. తిరుగు దారిలో మా ఆయన, "ఆమె అన్నదాంట్ల అబద్ధం లేదు, గని గిప్పుడు అనేది కాదు" అన్నాడు. అవునన్నాను. అన్నానే గానీ, తప్పు చేశామని ఇద్దరికీ తెలుసు.

ఆ యుద్ధం ముగిసింది. అందరం కలిసి పోయి అడుగుదాం అన్నాడు కదా మా ఆయన, ఎవరం పోలేదు. అప్పటికి మా రాజ్యంలోనే ఇంకో గండం ముంచుకొచ్చింది, అప్పుడూ ఇది సమయం కాదన్నారు. ఇన్నేళ్లలో చాలా గడ్డుకాలాలు చూశాను. వచ్చిన ప్రతిసారీ, ఇప్పుడు కాదు అనే పెద్దమనిషి ఒకడు ఉంటాడు. మరి ఎప్పుడు అనేది చెప్పినవాణ్ని మాత్రం చూడలేదు. ఆ పెద్దమనుషులను తిట్టే హక్కు నాకు లేదనుకోండి, ఒకప్పుడు నేనే ఆ పీట మీద కూర్చున్నాను.

మళ్లీ ఆ ఏటికే వస్తే, యుద్ధం ఇంకా నడుస్తుండగానే క్రిస్మస్ వచ్చింది. పండుగ నాడు పిడికెడు బియ్యం కుండలన్నీ ఒకేసారి గుడికి వస్తాయి. అయ్యగారి బల్ల ముందు పెద్ద గంప పెడతారు, ఆడవాళ్లు వరసగా వచ్చి దాంట్లో పోస్తారు. నేను గోదాం బియ్యం కొత్త గుడ్డలో మూట కట్టుకుని పోయాను. పండుగ కదా, ఎప్పటికంటే ఎక్కువే కట్టుకున్నాను. మనసులో ఉన్న తప్పును కానుకతో కప్పుకోవడం కూడా అందులో ఉంది.

మొదట పోయిన ఆమె కొంగు విప్పి గంపలో పోసింది. చప్పుడు వేరుగా వచ్చింది. బియ్యం కాదు, వడ్లు. రెండో ఆమె పోసింది, అవీ వడ్లే. తర్వాత ఆమె, ఆ తర్వాత ఆమె. లెవీ వాళ్ల కళ్లు కప్పి చూరులో, గడ్డివాములో, పిల్ల ఉయ్యాల పరుపులో ఎవరు ఎక్కడ దాచుకున్నారో, అవన్నీ ఒడిలో కట్టుకుని వచ్చారు. పేరుకు పిడికెడు, పోసింది సోలెడు. గుడికి రాని హిందువుల ఇళ్ల నుంచి కూడా పంపారని తర్వాత తెలిసింది. అయ్యగారు గంప వంక చూసి, కళ్లు మూసుకుని ప్రార్థనలో ఉన్నట్టు ఉండిపోయారు. దాచిన వడ్లు దొరికితే జైలే, అందరికీ తెలుసు. మా ఆయన వెనక గోడ దగ్గరే ఉన్నాడని కూడా తెలుసు. అయినా పోశారు. ఆ ఆదివారం నాడు నోట్లోంచి రాని ఆమెన్ అది, ఆలస్యంగానైనా తెచ్చి ఇచ్చారు.

నా వంతు వచ్చింది. మూట విప్పి చూసుకున్నాను. తెల్లటి బియ్యం, పొట్టు పోయి నున్నగా ఉన్న బియ్యం. ఎంత మంచి నేలలో వేసినా మొలవనివి. ఆ గుడిలో ఒక్క వడ్లగింజ లేని ఇల్లు మాదే. నేను చెయ్యి చాపి మళ్లీ వెనక్కి తీసుకున్నాను. వెనక వరసలో ఆడవాళ్లు ఆగిపోయారు.

పెద్దమ్మ గంప పక్కనే కూర్చుని ఉంది. తల ఎత్తి నా చేతిలోది చూసింది.

"పొయ్యి బిడ్డా," అన్నది. "మొలిచేటియి మొలుస్తయి. మొలవనియి పిట్టలు తింటయి."

పోశాను. కొన్ని గంప బయట పడ్డాయి.

ఇంటికి పోయేటప్పుడు మా ఆయన బండిలో దారి వంక చూస్తూ, "ఇయ్యాల గుడిల నాకు కండ్లు సక్కగ కనవడలే" అన్నాడు. చూసింది ఎవరికీ చెప్పకపోవడం, ఆయన చేయగలిగిన సాయం అదొక్కటే, దానికే ఆయన కూడా భయపడ్డాడు. నేను ఆయన చెయ్యి పట్టుకున్నాను.

బడి సెలవులు ఇంకా ఉన్నాయి. నారు పోసే రోజున నేను ఒక్కదాన్నే అలియాబాద్ పోయాను. అయ్యగారు తనకే ఇచ్చేసిన ఆ గంప వడ్లను పెద్దమ్మ నానబోసి, మొలకెత్తడానికి మూటగా మండె కట్టి, మొలకలు రాగానే చెరువు కింది మడికి తెచ్చింది. ఉన్న భూమిలో సగానికి సరిపడా ఉన్నాయి. సగం చాలు, బీడు అనేవాళ్ల నోరు మూతపడుతుంది. తలా ఒక రకం వడ్లు కావడంతో ఆ ఏడు పైరు ఒకటి పొడుగు, ఒకటి పొట్టి, ఒకటి ముందు పండి ఒకటి వెనక పండి చూసినవాళ్లంతా నవ్వుకున్నారు. పెద్దమ్మ వాళ్లకంటే ఎక్కువ నవ్వింది. భూమి మాత్రం ఆమె పేరు మీదే నిలిచింది.

నారు పోస్తున్న ఆ రోజు తట్టలో మొలకల మధ్య నా బియ్యం ఉబ్బి, పులిసి, తెల్లగా కనిపిస్తున్నాయి. ఏరేస్తానని కూర్చున్నాను. వద్దన్నది. పొద్దు ఎక్కుతోంది, జల్దీ మడిలో అలకాలి, చల్లెయ్యాలి అన్నది. బురదలో దిగి, తట్ట చంకన పెట్టుకుని, ముందు ప్రార్థన చేసింది. అదే ప్రార్థన. యుద్ధం గెలవాలి, పిల్లలు ఇళ్లకు రావాలి, సర్కారు చేసింది తప్పు, వాళ్లకు మంచి బుద్ధి ఇవ్వు. విత్తనాలు ఇప్పించినందుకు వందనం అని మాత్రం చివర కలిపింది. ఆపింది.

చుట్టూ చూశాను. మడి, చెరువు కట్ట, గట్టు మీద వాలిన పిచ్చుకలు. మనిషన్నవాడు కనుచూపు మేరలో లేడు.

"ఆమెన్" అన్నాను. ఎంత గట్టిగా అన్నానంటే పిచ్చుకలు లేచిపోయాయి.

పెద్దమ్మ తట్ట సర్దుకుంటూ నా వైపు తిరిగింది. ముఖంలో కోపం లేదు. నా చిన్నప్పుడు పద్యం అప్పజెప్పినప్పుడు చూసినట్టే చూసింది.

"గింత గొంతు ఉన్నదా బిడ్డా నీకు?" అన్నది.